చిన్న లాప్‌టాప్‌కి తేలిక లినక్స్ – 3వ పాఠం: తూకం వేసి ఎంచుకోవడం

పోయిన పాఠం చివర మూడు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను: ర్యామ్ ఎంత, ప్రాసెసర్ 64 బిట్టా 32 బిట్టా, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్కా లేక తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీనా. ఆ చీటీ పక్కన పెట్టుకోండి. వెంటాయ్ అనే ప్రోగ్రామ్‌తో, లాప్‌టాప్‌ని దాన్నుంచే మొదలుపెట్టేలా తయారుచేసిన పెన్‌డ్రైవ్ కూడా అందుబాటులో ఉండాలి. ఈ పాఠంలో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యం. విండోస్ బదులు వేసుకునే లినక్స్ రకాల్లో (వీటినే డిస్ట్రోలంటారు) ఏది ఇన్‌స్టాల్ చెయ్యాలో తేల్చుకుంటాం.

ముందు ఆ చీటీలో ఒక తప్పు దొర్లి ఉండొచ్చు, అది చూద్దాం. చాలామంది విండోస్‌లో సిస్టమ్ వివరాలు తెరిచి '32 బిట్' అన్న మాట కనపడగానే అదే రాసేస్తారు. ఆ వరుసను చివరిదాకా చదవండి. విండోస్ 10లో 'సిస్టమ్ టైప్' అన్నచోట రెండు ముక్కలుంటాయి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ గురించి, రెండోది ప్రాసెసర్ గురించి. '32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్' అని ఉంటే మీ ప్రాసెసర్ 64 బిట్ అన్నమాట. ర్యామ్ తక్కువ ఉన్న మిషన్లలో 32 బిట్ విండోస్ వేసి అమ్మడం ఒకప్పుడు మామూలే. కాబట్టి 'నాది 32 బిట్ మిషన్' అని దిగులు పడుతున్నవాళ్లు ముందు ఆ రెండో ముక్క చూసుకోండి. మీ ఎంపికలు ఒక్కసారిగా పదింతలు కావచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 'అన్నింటికంటే తేలికైన లినక్స్ ఏది?' అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నతోనే దారి తప్పుతాం.

కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే గుండెలాంటి భాగం, అన్ని డిస్ట్రోల్లోనూ ఒకటే, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్. వర్షన్ తేడా ఉంటుంది తప్ప బరువులో పెద్ద తేడా రాదు. బరువంతా దానిమీద కూర్చునే డెస్క్‌టాప్‌ది, అంటే మెనూ, కిటికీలు, కింది పట్టీ, వెనకాల తిరిగే చిన్నాచితకా సర్వీసులది. డెబియన్ అనే డిస్ట్రో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక తెర వస్తుంది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌డీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అని వరసగా డెస్క్‌టాప్‌ల పేర్లు, పక్కన టిక్కు పెట్టే గడులు. అదే డెబియన్. గ్నోమ్ దగ్గర టిక్కు పెడితే 2 జీబీ లాప్‌టాప్ మూలుగుతుంది, ఎల్‌ఎక్స్‌క్యూటీ దగ్గర పెడితే కుదురుగా నడుస్తుంది. డిస్ట్రో పేరు కంటే ఆ టిక్కే ముఖ్యం.

డెస్క్‌టాప్‌ల బరువు సుమారుగా చెబుతాను. వర్షన్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది, మీరు ఎలాగూ కొలుస్తారు. ఏమీ తెరవకుండా ఊరికే ఉన్నప్పుడు గ్నోమ్ 1 జీబీ దాటుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 500 నుంచి 800 ఎంబీ మధ్య ఉంటుంది. ఎల్‌ఎక్స్‌క్యూటీ దానికి కాస్త కింద. యాంటిక్స్ అనే డిస్ట్రోలో వచ్చే ఐస్‌డబ్ల్యూఎం అయితే 200, 300 ఎంబీతో సరిపెట్టుకుంటుంది. 2 జీబీ మిషన్ మీద పారదర్శక కిటికీలూ గిరగిరా తిరిగే బొమ్మలూ పెట్టుకోవడమంటే మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టే.

అలాగని అన్నింటికంటే చిన్నదాన్ని ఎంచుకోవాలా? ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి మా బాబాయి పాత లాప్‌టాప్‌కి, తేలిక మీద మోజుతో, డౌన్‌లోడ్ వంద ఎంబీ కూడా లేని సిస్టమ్ ఒకటి వేశాను. బటన్ నొక్కిన కాసేపటికే తెర వచ్చేది. నేనూ మురిసిపోయాను. మూడోరోజు ఫోన్: "ఏరా, వైఫై ఎక్కడుందిరా?" వైఫై చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) అందులో లేదు. అది దింపుకోవాలంటే నెట్ కావాలి. నెట్ కావాలంటే అది కావాలి. ప్రింటర్ సంగతి సరేసరి. "తేలిక చేస్తానన్నావు, ఉన్నదంతా తీసేశావు" అన్నాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లి, దానికి పదిరెట్లు పెద్దదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డిస్ట్రో వేసొచ్చాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ మిషన్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. 4 జీబీ ఉన్నవాడికి 200 ఎంబీ డెస్క్‌టాప్ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈతో పోలిస్తే అదనంగా మిగిల్చింది మూడు, నాలుగు వందల ఎంబీ. ఆ మిగులును బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు మింగేస్తాయి. అసలు బరువు బ్రౌజర్‌దే. అందుకని మనం చూడాల్సింది ఊరికే ఉన్నప్పుడు సిస్టమ్ ఎంత తింటుందన్నది కాదు. మీ రోజువారీ పని తెరిచాక ఇంకా ఎంత మిగిలింది? దాన్ని కొలవడమే ఈ పాఠం.

కొలిచే ముందు పోటీకి ఎవరిని పిలవాలో చెబుతాను. చీటీ చూసుకోండి.

4 జీబీ, 64 బిట్ అయితే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, దానికి జోడీగా ఎమ్‌ఎక్స్ లినక్స్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. కొత్తవాళ్లకు నా ఓటు మింట్‌కే. కనీసం 2 జీబీ ర్యామ్ చాలని, హాయిగా వాడాలంటే 4 ఉండాలని మింట్ వాళ్లే చెబుతారు. ఆ రెండో అంకెనే నమ్మండి.

2 జీబీ, 64 బిట్ అయితే లుబుంటు, ఎల్‌ఎక్స్‌క్యూటీతో డెబియన్, యాంటిక్స్. లుబుంటు గురించి పాత వ్యాసాలు చదివితే అందులో ఎల్‌ఎక్స్‌డీఈ ఉంటుందని రాసి ఉంటుంది. 18.10 వర్షన్ నుంచి అది ఎల్‌ఎక్స్‌క్యూటీకి మారింది. ఆ పాత బొమ్మలు చూసి పోల్చుకోకండి.

1 జీబీ, లేదా నిజంగానే 32 బిట్ ప్రాసెసర్ అయితే యాంటిక్స్ 32 బిట్ ఎడిషన్, పపీ లినక్స్. ఇక్కడ మొహమాటం లేకుండా ఒక మాట చెప్పాలి. 32 బిట్‌కి తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఉబుంటు కుటుంబం (లుబుంటు కూడా అందులోదే) ఎప్పుడో మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ పీసీ ఇన్‌స్టాలరే లేదు. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ మామూలు విడుదలల్లో 144వ వర్షన్ దాకానే ఇచ్చింది. కాబట్టి అలాంటి మిషన్‌ని రాసుకోవడానికి, పాటలు వినడానికి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి వాడుకోండి. బ్యాంకు పనులు మాత్రం దానిమీద వద్దు.

ఆర్చ్ లాంటి డిస్ట్రోలు ఈ పాఠాల్లో చెప్పను. అవి తేలికే, కానీ అప్‌డేట్‌లతో రోజూ కాపురం చెయ్యాలి.

మీ వర్గంలోంచి రెండు ఐఎస్‌ఓ ఫైళ్లు (ఒక్కో డిస్ట్రో మొత్తం ఒకే ఫైలుగా వచ్చేవి) దింపి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. వెంటాయ్‌లో ఉన్న సుఖం ఇదే, ఎన్ని ఫైళ్లు వేసినా బూట్ అయ్యేటప్పుడు జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి అవుతుంది. మొదటి దాన్ని ఎంచుకుని లైవ్ సెషన్‌లోకి, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే పద్ధతిలోకి, వెళ్లండి. డిస్ట్రోని బట్టి 'ట్రై', 'స్టార్ట్' లేదా 'లైవ్' అన్న మాట ఉన్న వరుసను ఎంచుకోవాలి. 'ఇన్‌స్టాల్' అని మాత్రమే ఉన్నదాని జోలికి వెళ్లొద్దు.

తెర వచ్చాక ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకండి. వెనకాల సర్దుకునేవి సర్దుకోనివ్వండి. అప్పుడు టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి ఎఫ్, ఆర్, ఈ, ఈ అని నాలుగు చిన్నబడి (స్మాల్) అక్షరాలు, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, దాని పక్కనే హెచ్ కొట్టి ఎంటర్ నొక్కండి. 'ఫ్రీ' అనే ఈ ఆదేశం మెమొరీ లెక్క చూపిస్తుంది.

4 జీబీ లాప్‌టాప్ మీద ఒక లెక్క ఇలా ఉందనుకుందాం: 'టోటల్' 3.7, 'యూజ్డ్' 1.0, 'ఫ్రీ' 1.2, 'బఫ్/క్యాష్' 1.8, చివర 'అవైలబుల్' 2.7. నాలుగు జీబీ కొంటే 3.7 చూపిస్తోందేమిటని కంగారు వద్దు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కొంత ముందే పక్కకు తీసుకుంటుంది. 'ఫ్రీ' అన్న నిలువు వరుస చూసి కూడా టెన్షన్ పడకండి. అక్కడ 1.2 మాత్రమే ఉంది, నిజమే. కానీ ఖాళీగా పడున్న మెమొరీని లినక్స్ ఊరికే వదలదు, డిస్క్‌లోంచి చదివినవాటిని అందులో దాచుకుంటుంది. అదే క్యాష్. ఏదైనా ప్రోగ్రామ్‌కి కావాలంటే అందులో చాలామటుకు వెంటనే ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. అలా ఇవ్వగలిగిందంతా కలిపి చూపించేదే 'అవైలబుల్'. మనకు కావలసింది ఆ ఒక్క అంకె. చీటీ మీద రాయండి: మింట్, ఊరికే, 2.7.

ఇప్పుడు బ్రౌజర్ తెరవండి. మీరు రోజూ తెరిచేవే తెరవండి: మెయిల్, ఒక వార్తల పేజీ, ఒక వీడియో, ఇంకో రెండు. వీడియో రెండు నిమిషాలు నడవనివ్వండి. అది నడుస్తుండగానే మళ్లీ అదే ఆదేశం కొట్టండి. అంకె రాయండి.

నేను పాటించే లెక్క ఇది. బ్రౌజర్ తెరిచాక కూడా 'అవైలబుల్' 1 జీబీకి పైన ఉంటే ఆ డిస్ట్రో మీ మిషన్‌కి సరిపోయింది, ఇంకా తేలికైనదాని కోసం వెతకకండి. 500 ఎంబీ కిందకి పడిపోతే ఒక మెట్టు దిగండి: ఎక్స్‌ఎఫ్‌సీఈ నుంచి ఎల్‌ఎక్స్‌క్యూటీకి, అక్కణ్నుంచి ఐస్‌డబ్ల్యూఎంకి. మధ్యలో ఉంటే మీ ఓపిక. 2 జీబీ మిషన్లు మాత్రం ఏది వేసినా ఈ మధ్యలోనో, ఇంకా కిందో ఉంటాయి. వాళ్లకు ట్యాబ్‌లు తగ్గించుకోవడం తప్పదు. జీర్యామ్ అనే ఉపాయం ఒకటుంది, మెమొరీని నొక్కి కుదించి వాడుకునేది. దాన్ని ఐదో పాఠంలో చూద్దాం.

లైవ్ సెషన్ కొన్ని విషయాల్లో మోసం చేస్తుంది. ప్రోగ్రామ్‌లు పెన్‌డ్రైవ్‌లోంచి రావాలి కాబట్టి తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఇన్‌స్టాల్ చేశాక అలా ఉండదు, అందుకని తెరుచుకునే వేగాన్ని బట్టి మార్కులు వెయ్యొద్దు. సెషన్‌లో రాసే ఫైళ్లు కూడా ర్యామ్‌లోనే పడతాయి కనుక అంకె అసలుకంటే కాస్త తక్కువగా కనిపిస్తుంది. పపీ దీనికి తలకిందులు. అది మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది కాబట్టి లైవ్‌లోనే రాకెట్‌లా కనిపిస్తుంది. దాన్నీ మింట్‌నీ ఒకే వేగంతో పోల్చకండి.

అంకె బాగున్నంత మాత్రాన సరిపోదు, బాబాయి కథ గుర్తుందిగా. లైవ్‌లోంచి బయటికొచ్చే ముందు వైఫై పట్టుకుందో లేదో చూడండి. బ్రాడ్‌కామ్ చిప్‌లున్న లాప్‌టాప్‌లు ఇక్కడ ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. డెబియన్ 12 నుంచి, అంటే 2023 నుంచి, ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు కాబట్టి చాలా చిప్‌లు ఇప్పుడు అడక్కుండానే పనిచేస్తాయి. తర్వాత స్పీకర్‌లోనూ ఇయర్‌ఫోన్‌లోనూ శబ్దం, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరపడం, వెలుతురు తగ్గించే కీలు. చివరగా మూత మూసి, నిమిషం ఆగి తెరవండి. నిద్ర లేవకుండా నల్లతెరే ఉండిపోతే ఆ డిస్ట్రో పక్కన ఒక గుండ్రం చుట్టండి. ఇది చాలామంది ఇన్‌స్టాల్ చేసిన వారానికి గానీ కనిపెట్టరు. తెలుగు పేజీ ఒకటి తెరిచి ఒత్తులు, గుడింతాలు విడిపోకుండా వస్తున్నాయా అని కూడా చూడండి. రాకపోతే అది ఫాంట్ లోపమే, నోటో సాన్స్ తెలుగు వేస్తే పోతుంది, దానికోసం డిస్ట్రో మార్చక్కర్లేదు.

రెండో ఐఎస్‌ఓతో ఇదంతా మళ్లీ చెయ్యండి. అదే పేజీలు, అదే వీడియో. లేకపోతే పోలికకు అర్థం లేదు.

రెండూ సమానంగా వస్తే గడువు చూసి తేల్చండి. సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఎప్పటిదాకా వస్తాయన్నదే గడువు. మింట్ 22 వరుసకి 2029 దాకా ఉంది. అదే ఉబుంటు 24.04 పునాది మీద కట్టిన లుబుంటు 24.04కి మాత్రం 2027 ఏప్రిల్ దాకానే, ఎందుకంటే ఉబుంటు తోబుట్టువుల దీర్ఘకాలిక విడుదలలకు మూడేళ్లే ఇస్తారు. విండోస్ 10 గడువు 2025 అక్టోబర్ 14న ముగిసిందనే కదా మీలో చాలామంది ఈ పాఠాలకు వచ్చింది. ఏడాదిలో మళ్లీ అదే అవస్థ తెచ్చుకోకండి.

చీటీలో 'తిరిగే హార్డ్ డిస్క్' అని రాసుకున్నవాళ్లకు ఒక పక్కమాట. మీకు పూర్తి ఊరట డిస్ట్రో మార్చితే రాదు. చిన్న ఎస్‌ఎస్‌డీ వేసుకుంటే మింట్ కూడా లుబుంటులా పరుగెత్తుతుంది. వేసుకునే ఉద్దేశం ఉంటే నాలుగో పాఠానికి ముందే వేసుకోండి, రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసే పని తప్పుతుంది.

ఈ వారం అభ్యాసం: రెండు డిస్ట్రోలకు రెండేసి అంకెలు, వైఫై, శబ్దం, మూత పరీక్షల ఫలితాలు ఒకే కాగితం మీద రాసి, గెలిచినదాని కింద గీత గీయండి. నాలుగో పాఠంలో డిస్క్‌ని భాగాలు చేసి దాన్ని ఇన్‌స్టాల్ చేస్తాం. అప్పటికి లాప్‌టాప్‌లో ఉన్న ఫొటోలు, కాగితాలు బయటి డ్రైవ్‌లోకి కాపీ అయి ఉండాలి, ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి ఉండాలి. బ్యాటరీ నిలవని మిషన్ అయితే ఛార్జర్ పెట్టే కూర్చోండి.