విమానాశ్రయ విస్తరణను లెక్కగట్టడం – మూడో పాఠం: కాంక్రీటులో దాగిన కార్బన్

గత పాఠం చివర ఒక ప్రశ్న అడిగాను. శంషాబాద్ విమానాశ్రయ విస్తరణలో, ప్రధాన టెర్మినల్ పని పూర్తికాకముందే 2018లో అంతర్జాతీయ ప్రయాణికుల కోసం తాత్కాలిక టెర్మినల్ ఎందుకు తెరవాల్సి వచ్చింది?

2008 మార్చిలో ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం మొదలైన భవనాన్ని 3.4 కోట్ల మందికి సరిపోయేలా పెంచాలి. పెంచుతున్నన్నాళ్లూ ఒక్క రోజు కూడా విమానాలు ఆగకూడదు. ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు ఒక గది సామాను ఇంకో గదిలోకి సర్దుతాం. పక్క గది లేకపోతే ముందు పందిరి వేసుకోవాలి. తాత్కాలిక టెర్మినల్ ఆ పందిరి లాంటిది. జవాబులో ఇది సగం. రెండో సగం ఏమిటంటే, ఆ పందిరికి వాడిన ఉక్కూ సిమెంటూ విస్తరణ ఖాతాలోనే పడాలి. శాశ్వత భవనం లెక్క మాత్రమే వేసి తాత్కాలిక నిర్మాణాన్ని వదిలేస్తే ఆ లెక్క చెల్లదు.

ఈ పాఠంలో ఆ ఖాతాను అంకెల్లో పెట్టడం నేర్చుకుందాం. కాగితం, పెన్ను, మామూలు కాలిక్యులేటర్ చాలు.

ముందు ఒక మాట

భవనం తెరిచాక దీపాలకూ ఏసీలకూ ఖర్చయ్యే కరెంటు వల్ల ఏటా వెలువడే కార్బన్ ఒకటి. కట్టడానికి వాడిన సామగ్రి తయారీలోనే గాలిలోకి వెళ్లిపోయిన కార్బన్ ఇంకొకటి. రెండోదాన్ని ఈ పాఠాల్లో నిర్మాణ కార్బన్ అంటున్నాం. మొదటిదాన్ని తర్వాతైనా తగ్గించుకోవచ్చు. రెండోది కాంక్రీటు పోసేనాటికే వెలువడిపోయి ఉంటుంది, వెనక్కి రాదు.

కొన్నేళ్ల క్రితం ఒక విమానాశ్రయంలో ఏప్రాన్ (విమానాలు నిలిపే కాంక్రీటు ఆవరణ) పని ఫైలు చూశాను. పర్యావరణం అన్న విభాగంలో సౌర ఫలకాలు, ఎల్‌ఈడీ దీపాలు, మొక్కలు ఉన్నాయి. వేల టన్నుల సిమెంటు లెక్క వేరే ఫైల్లో ఉంది. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఎవరూ లేరు. ఈ పాఠమాల మొదలుపెట్టడానికి ఆ బాధే కారణం.

సిమెంటు ఎందుకింత బరువు తూగుతుంది

సున్నపు బట్టీ చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. సున్నపురాయిని కాలిస్తే తేలికవుతుంది. పోయిన బరువు గాలిలోకి వెళ్లిన కార్బన్ డయాక్సైడే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల వాయువు పోతుంది. సిమెంటు కర్మాగారంలో క్లింకర్ (పొడి చేస్తే సిమెంటు అయ్యే కాల్చిన గడ్డలు) తయారీ కూడా ఇదే రసాయన చర్య. కొలిమికి వాడే బొగ్గు పొగ దీనికి అదనం. మొత్తంలో సగానికి పైగా రాయిలోంచే వస్తుంది కాబట్టి, కర్మాగారం పైకప్పు మీద ఎన్ని సౌర ఫలకాలు పెట్టినా ఆ భాగం తగ్గదు. క్లింకర్ తక్కువ వాడితేనే తగ్గుతుంది.

ఏ ఇతర మసాలా కలపని ఒక టన్ను ఓపీసీ సిమెంటుకు సుమారు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మనం 0.9 తీసుకుందాం. లెక్క తప్పినా జాగ్రత్త వైపే తప్పుతుంది.

ఒక కిలోమీటరు టాక్సీవే

టాక్సీవే అంటే టెర్మినల్‌కూ రన్‌వేకూ మధ్య విమానం నడిచే దారి. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం నడిచే టాక్సీవే వెడల్పు 23 మీటర్లు. పొడవు 1,000 మీటర్లు అనుకుందాం. పై కాంక్రీటు పలక మందం 45 సెంటీమీటర్లు. మందం చోటును బట్టి మారుతుంది, ఇది ఉదాహరణకు తీసుకున్నదే. మూడింటినీ గుణిస్తే 10,350 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 400 కిలోల సిమెంటు చొప్పున 4,140 టన్నులు. దాన్ని 0.9తో గుణిస్తే 3,726 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఇక్కడ ఆగి మీ చేత్తో ఒకసారి గుణించి చూడండి. చదివి ఒప్పుకున్న లెక్క రేపటికి గుర్తుండదు.

పలక కింద డీఎల్‌సీ అనే పొడి కాంక్రీటు పొర ఉంటుంది. 15 సెంటీమీటర్ల మందానికి 3,450 ఘనపు మీటర్లు వస్తుంది. అందులో సిమెంటు చాలా తక్కువ. ఘనపు మీటరుకు 150 కిలోలు అనుకుంటే సుమారు 518 టన్నుల సిమెంటు, 466 టన్నుల కార్బన్ డయాక్సైడ్ (ఇకపై క్లుప్తంగా కార్బన్). అంటే మొత్తంలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా పై పలకలోనే ఉంది, మన దృష్టి కూడా అక్కడే ఉండాలి.

పై పలక సిమెంటులో 30 శాతం తీసి థర్మల్ కేంద్రం బూడిద వేద్దాం. మన దేశపు ప్రమాణాల ప్రకారం పీపీసీ అనే బూడిద కలిపిన సిమెంటులో 35 శాతం వరకు బూడిద ఉండవచ్చు కాబట్టి ఇది సాహసమేమీ కాదు. ఓపీసీ 2,898 టన్నులకు దిగుతుంది, కార్బన్ 2,608కి దిగుతుంది. ఆదా అయింది 1,118 టన్నులు.

ఇది ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే సౌర విద్యుత్తుతో పోల్చండి. ఒక మెగావాట్ సౌర కేంద్రం మన ఎండల్లో ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున, అది ఏడాదిలో ఆదా చేసేది 1,050 టన్నులు. ఒక్క కిలోమీటరు టాక్సీవే మిశ్రమం మార్చినందుకు, ఒక మెగావాట్ కేంద్రం ఏడాదికి పైగా చేసే పని దక్కింది. నేను సౌర ఫలకాలను తక్కువ చేయడం లేదు, అవీ కావాలి. కానీ ఫలకాలు అందరి కంటికీ కనిపిస్తాయి. మిశ్రమం పట్టిక ఎవరికీ కనిపించదు, అందుకే దాని గురించి అడిగేవారు తక్కువ.

బూడిదను దూరం నుంచి తెస్తే రవాణాలో లాభం పోదా? దీన్నీ లెక్క వేద్దాం. విజయవాడ థర్మల్ కేంద్రం నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద సుమారు 270 కిలోమీటర్లు. 1,242 టన్నుల బూడిదకు, టన్ను ఒక కిలోమీటరు వెళ్లడానికి 0.1 కిలో చొప్పున వేస్తే 34 టన్నులు మాత్రమే. 1,118 ముందు అది చిన్న మొత్తం.

పాత కాంక్రీటును కంకరగా మార్చితే

చాలామంది పొరబడే చోటు ఇదే. పాత పలకలను పగలగొట్టి క్రషర్‌లో వేసి కంకరగా వాడితే కార్బన్ బాగా తగ్గుతుందని అనుకుంటారు. మన పలకలో కంకర, ఇసుక కలిపి ఘనపు మీటరుకు సుమారు 1.85 టన్నులు, అంటే 19,148 టన్నులు. టన్ను కంకరకు 5 కిలోల కార్బన్ వేసుకుంటే మొత్తం 96 టన్నులే. అంతా ఉచితంగా దొరికినా ఆదా అంతకు మించదు.

అయినా చేయాల్సిందే, కాకపోతే కారణం వేరు. 19 వేల టన్నులంటే, 20 టన్నుల టిప్పర్లు 950కి పైగా. ఒక కొండ తరుగుతుంది, క్వారీ పక్క ఊళ్ల మీద దుమ్ము పడుతుంది, ఆ దారిలో పిల్లలు బడికి నడుస్తారు. ఇవి కార్బన్ పట్టికలో కనిపించని ఖర్చులు. అమెరికాలోని డెన్వర్‌లో స్టేపుల్టన్ విమానాశ్రయం 1995లో మూతపడ్డాక, దాని రన్‌వేల నుంచి అరవై లక్షల టన్నులకు మించిన కాంక్రీటును పగలగొట్టి మళ్లీ వాడారు. అంత రాయిని కొత్తగా కొండల నుంచి తవ్వాల్సిన అవసరం తప్పింది.

మన ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం ఇలాంటి కంకరను ఉక్కు లేని కాంక్రీటులో 25 శాతం వరకు, సిమెంటు తక్కువగా ఉండే కాంక్రీటులో పూర్తిగా వాడవచ్చు. అందువల్ల పాత పలకలకు తగిన చోటు డీఎల్‌సీ పొర. ఆ కంకర విమానాశ్రయం ఆవరణలోనే తయారైతే టిప్పరు గేటు దాటదు.

బూడిదకు సమయం కావాలి

ఇంతవరకు లెక్క సులువుగా సాగింది. బూడిద కలిపిన కాంక్రీటు నెమ్మదిగా బలపడుతుంది. చివరికి సమానమైన బలం, కొన్నిసార్లు ఎక్కువ బలం కూడా వస్తుంది, కానీ మొదటి రోజుల్లో వెనకబడుతుంది. రాత్రి మూసి తెల్లవారేసరికి తెరవాల్సిన రన్‌వే మీద ఇది కుదరదు. అక్కడ త్వరగా గట్టిపడే, సిమెంటు ఎక్కువ ఉన్న మిశ్రమమే గతి.

కాబట్టి కార్బన్‌ను తగ్గించే అసలు నిర్ణయం ప్రయోగశాలలో జరగదు, పనుల వరుస తయారుచేసే గదిలో జరుగుతుంది. ఆ టాక్సీవేను మూడు నెలలు మూసి ఉంచగలిగితే, కాంక్రీటు పోసిన 28 రోజులకు వచ్చే బలానికి బదులు 90 రోజులకు వచ్చే బలాన్ని ప్రమాణంగా పెట్టుకోవచ్చు. ప్రత్యామ్నాయ దారి ఉన్నచోట ఇది సాధ్యం. శంషాబాద్‌లో రెండో రన్‌వే ఉండడం వల్ల ప్రధాన రన్‌వేను మరమ్మతుకు మూసే వీలుంది. ఒకే రన్‌వే ఉన్న విమానాశ్రయానికి ఆ వెసులుబాటు లేదు. విస్తరణ పథకం చదివేటప్పుడు మిశ్రమం పట్టిక కంటే ముందు మూసివేతల క్యాలెండర్ అడగండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. మందం రెండు సెంటీమీటర్లు తగ్గిస్తే 460 ఘనపు మీటర్లు, 166 టన్నుల కార్బన్ మిగులుతుంది. కాగితం మీద ఇది ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. కానీ పలక ఆయుష్షు మందాన్ని బట్టి చాలా వేగంగా మారుతుంది. ముందే పగిలిన పలకను మళ్లీ పోస్తే మొత్తం 3,726 టన్నులూ మళ్లీ ఖాతాలో పడతాయి. మందం జోలికి వెళ్లకండి.

అభ్యాసం

అమెరికాలోని పోర్ట్‌లాండ్ విమానాశ్రయం పాత టెర్మినల్‌ను వదిలి వేరే చోటికి పోలేదు. దాని మీదుగా తొమ్మిది ఎకరాల కలప పైకప్పు నిలబెట్టి, 2024 ఆగస్టులో తెరిచారు. కలప 300 మైళ్ల లోపు అడవుల నుంచి వచ్చింది. కప్పును ఆవరణలోనే ఇంకోచోట పెద్ద ముక్కలుగా బిగించి, రాత్రివేళల్లో చక్రాల మీద తెచ్చి అమర్చారు. కింద ప్రయాణికులు తిరుగుతూనే ఉన్నారు.

ఆ కప్పు బరువు సుమారు 8,160 టన్నులు. చదరపు మీటరుకు ఎంత పడుతుందో కట్టండి (ఒక ఎకరం 4,047 చదరపు మీటర్లు). అదే విస్తీర్ణానికి 15 సెంటీమీటర్ల కాంక్రీటు పలక వేస్తే, ఘనపు మీటరు 2,400 కిలోల చొప్పున బరువెంతో కట్టి పోల్చండి. ఆ తేడా కింద ఉన్న స్తంభాల మీదా, పునాదుల మీదా, భూకంపం వచ్చినప్పుడూ ఏమి మారుస్తుందో నాలుగు వాక్యాల్లో రాయండి. కలప కార్బన్ లెక్క అడవిని నరికాక మళ్లీ పెంచారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ భాగాన్ని ఇప్పుడు పక్కన పెట్టండి, నాలుగో పాఠంలో అడవి నుంచే మొదలుపెడతాం.