పాత జీపులో పెట్రోల్ ఎంతుందో ముల్లుని నమ్మకుండా చూసుకోడం ఎలా

మా ఇంట్లో తాతగారి టైం నుంచి ఒక విల్లీస్ జీపు ఉంది, యుద్ధం రోజుల్లోది, ఎడం పక్క స్టీరింగు, ఆరు వోల్టుల బ్యాటరీ. మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనే. ఇక్కడ మా ఏరియాలో ఇంకా నాలుగైదు ఇళ్లల్లో పాత అంబాసిడర్లు, ఫియట్లు షెడ్డుల్లో ఉన్నాయి, పిల్లలు ఇప్పుడిప్పుడే వాటిని బయటికి తీస్తున్నారు. వాళ్లందరూ నన్ను ముందు అడిగేది ఇంజన్ గురించే గాని పెట్రోల్ ఎంతుందో చూసుకోడం గురించి ఒక్కళ్లూ అడగరు, అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన చలికాలం చుట్టాలకి జిరంగ బౌద్ధ మందిరం చూపిద్దామని పొద్దున్నే బయల్దేరాం. గేజులో ముల్లు సరిగ్గా సగం మీద ఉంది. ఆర్.ఉదయగిరి ఇంకా రాకముందే ఎక్కుడులో బండి రెండుసార్లు గుటుక్కుమని ఆగిపోయింది. ప్లగ్గులు తీసి తుడిచాం, కార్బురేటర్ విప్పాం, పెట్రోల్ పంపు పాడైందేమో అనుకున్నాం, అలా గంటన్నర పోయింది, వెనక సీట్లో మా పెద్దమ్మ ఎండకి సొమ్మసిల్లేలా ఉంది. అప్పుడు అటు వెళ్తున్న లారీ ఆపి ఒక ఒడియా మిస్త్రీ దిగాడు, వచ్చీ రాగానే అడిగిన మాట "తెల కేతే అఛి?" అని, అంటే పెట్రోల్ ఎంతుంది అని. సగం ఉందని గేజు చూపించాను. ఆయన గేజు వైపు చూడను కూడా చూడలేదు, రోడ్డు పక్కన ఒక ఎండు పుల్ల విరిచి, సీటు ఎత్తి ట్యాంకులో ముంచి తీశాడు. చివర గోరంత మేర తడి, అంతే. ముల్లు మాత్రం సగం మీదే ఉంది.

సరే, ఇప్పుడు విషయానికొద్దాం. పాత బండికి గేజు కంటే పుల్లే నమ్మకం. విల్లీస్‌లో ట్యాంకు డ్రైవర్ సీటు కిందే, సీటు మెత్త ఎత్తితే మూత, మూత తీస్తే పుల్ల నేరుగా అడుక్కి దిగుద్ది, కాబట్టి దీనికి పుల్ల పద్ధతి అంత బాగా కుదిరే బండి ఇంకోటి లేదు. వెదురు బద్ద ఒకటి తీసుకోండి, రెండు మూరలుంటే చాలు, నున్నటి తోలు పక్క కత్తితో గీకేయండి, లేపోతే తడి నిలవదు. పై కొసకి అడ్డంగా చిన్న ముక్క గట్టిగా కట్టండి, చెయ్యి జారినా లోపల పడిపోకుండా. రంగులేసిన స్కూలు స్కేలు వద్దు, పెట్రోల్‌కి రంగు కరిగి ట్యాంకులోకి పోద్ది. ఇనప ఊచ అస్సలు వద్దు, లోపల గీరుద్ది, ఎక్కడైనా తీగకి తగిలితే నిప్పురవ్వ వస్తుంది. ప్లాస్టిక్ పైపూ వద్దు, రుద్దుకుంటే కరెంటు పట్టి చిటుక్కుమంటుంది కదా, అది పెట్రోల్ ఆవిరి దగ్గర ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ముంచేటప్పుడు బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. ఒక చక్రం గుంటలో ఉన్నా లెక్క తప్పుద్ది. ఇంజన్ ఆపి, సీటు ఎత్తి, రెండు నిమిషాలు అలా వదిలేయండి, ఆవిరి పోనివ్వండి, చుట్టుపక్కల బీడీ కాల్చేవాళ్లుంటే పంపించేయండి, రాత్రైతే టార్చి లైటే గాని అగ్గిపుల్ల మాట ఎత్తకండి. పుల్లకి ముందు చాక్‌పీసు రుద్దితే తడి గీత స్పష్టంగా కనబడుద్ది. నిలువుగా, నెమ్మదిగా దించాలి, కలియబెట్టకూడదు, ఎందుకంటే లోపల ఫ్లోటు కాడ ఉంటుంది (ఫ్లోటంటే పెట్రోల్ మీద తేలే బుడ్డి, అది లేచి దిగేదాన్ని బట్టే గేజులో ముల్లు కదులుద్ది), ఆ కాడ వంగిందంటే గేజుకి ఇంకో రోగం తగిలినట్టే. అడుగు తగలగానే తీసి వెంటనే చూడండి, పెట్రోల్ చిటికెలో ఆరిపోద్ది, పక్కోడితో మాట్లాడి చూస్తే గీత కిందకి దిగిపోయి ఉంటుంది.

గీత కనబడింది, మరి అది ఎన్ని లీటర్లు? ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, ట్యాంకు మొత్తాన్ని పుల్ల పొడవుతో భాగించి గీతలు పెట్టేస్తారు. ట్యాంకు అంతటా ఒకే వెడల్పు ఉండదు, మూలలు గుండ్రంగా ఉంటాయి, కింద గుంట ఉంటుంది, అందుకని గాట్లు సమానంగా రావు. ఇంకోటి, పాత పుస్తకంలో విల్లీస్ ట్యాంకు 15 గ్యాలన్లు అని ఉంటుంది, అవి అమెరికా గ్యాలన్లు, ఒక్కోటి 3.785 లీటర్లు, అంటే ఇంచుమించు 57 లీటర్లు. మా నాన్న చాలా ఏళ్లు ఇంగ్లీషు గ్యాలన్ లెక్కేసి, అది 4.546 కదా, 68 లీటర్లు అనుకునేవారు. పదకొండు లీటర్ల తేడా ఎక్కడికి పోతుందో తెలీక బంకు వాడు మోసం చేస్తున్నాడని ఆయన బాధ.

సరైన దారి ఏటంటే, ట్యాంకు ఖాళీ చేసి, కొలిచి పోస్తూ గాట్లు పెట్టుకోడమే. ట్యాంకు కింద డ్రెయిన్ బిరడా ఉంటుంది, బయట గాలి తగిలే చోట ఇనప డబ్బాలోకి దించేయండి, తుప్పూ నీళ్లూ కూడా ఆ దెబ్బకి బయటపడతాయి. ఆ డబ్బాలో ఉన్నదాన్నే కొలిచి ఒక ఐదు లీటర్లు గుడ్డలో వడకట్టి తిరిగి పోసి మొదటి గాటు పెట్టి, దాంతో బంకుకి వెళ్లండి. పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్లాలి, ఎందుకంటే మా ఊళ్లో పెట్రోల్ ఆంధ్రా కంటే చవకని పాతపట్నం వాళ్లు కూడా ఇటే వస్తారు, ఎనిమిది దాటితే క్యూ. బంకు నేల సమంగా ఉంటుంది, మీటరు ఉంటుంది, అనుమానం ఉంటే ప్రభుత్వ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులో ఉంటుంది, అడిగితే దాంట్లో కొట్టి చూపించాలి. ఐదేసి లీటర్లు కొట్టించండి, ప్రతిసారీ బండి ఆపిన చోటే ఉంచి పుల్ల ముంచి కత్తితో గాటు పెట్టండి. కుర్రాళ్లు విసుక్కుంటారు, ముందే చెప్పి ఒప్పించండి. పైదాకా నింపొద్దు, ఎండకి పెట్రోల్ పొంగుద్ది.

ఇక గేజు సంగతి. బాగు చేయించాలనుంటే ముందు రోగం డాష్‌బోర్డు దగ్గరా ట్యాంకు దగ్గరా అని తేల్చుకోవాలి. ట్యాంకు నుంచి వచ్చే తీగని గేజు వెనక విప్పి, స్విచ్చి ఆన్ చేసి (ఇంజన్ స్టార్ట్ చేయకుండా), గేజు మీద ఆ తీగ ఉండే చోటు నుంచి ఒక ముక్క తీగతో బాడీకి ఒక్క క్షణం తగిలించండి. ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకి పోతే గేజు బతికే ఉంది. కొన్ని పాతవాటిల్లో తీగ తీసేస్తే నిండు చూపించి ఎర్త్ ఇస్తే ఖాళీ చూపిస్తాయి, కొన్నిట్లో దీనికి తిరగబడి ఉంటుంది, మీకు కావల్సింది కదిలిందా లేదా అన్నదే. ఎక్కువసేపు తగిలించి ఉంచొద్దు, గేజు కాలిపోవచ్చు. ఈ పని ట్యాంకు కొసలో చేయొద్దు, అక్కడ నిప్పురవ్వ లేస్తే ఏమవుద్దో మీకు తెలుసు. గేజు బాగుంటే తర్వాత చూడాల్సింది ట్యాంకు ఎర్త్, అంటే ట్యాంకు బండి బాడీకి సరిగ్గా తగిలి ఉందా అన్నది. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, బోల్టుల కింద తుప్పు పట్టి ఎర్త్ పోతుంది, పైగా పెయింటు వేసేవాళ్లు ఆ చోటు కూడా కప్పేస్తారు, గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు అక్కడితో అయిపోద్ది.

అదీ కాకపోతే ఫ్లోటు. ఇత్తడి ఫ్లోటైతే సూది మొన అంత చిల్లు పడినా లోపలికి పెట్రోల్ చేరి మునిగిపోద్ది, బయటికి తీసి వేడినీళ్లల్లో ముంచితే బుడగలొచ్చిన చోటే చిల్లు. లోపల పెట్రోల్ ఉండగా టంకం పెట్టించకండి, పేలుద్ది. బెండు ఫ్లోటుకి లక్క పూత ఉంటే ఇంకో సమస్య, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్, దానికి లక్క కరిగిపోద్ది, బెండు నానిపోద్ది. మా జీపులో మాత్రం ఫ్లోటు బాగానే ఉంది, కాడ సగంలో ఇరుక్కుని ఉంది, ఆ రోజు ముల్లు కదలకపోడానికి కారణం అదే.

అంబాసిడర్ లాంటి వాటిల్లో నింపే గొట్టం వంపు తిరిగి ఉంటుంది, పుల్ల అడుక్కి చేరదు. వాటికి కిలోమీటర్ల లెక్కే గతి, ఒకసారి నింపి రీడింగు రాసుకోండి, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి, అలా నాలుగుసార్లు చేస్తే లీటరుకి ఎంతొస్తుందో తేలిపోద్ది. ఘాట్ లెక్క విడిగా రాసుకోవాలి, మా జీపు సమంగా ఉన్న రోడ్డు మీద ఆరు ఇస్తే ఎక్కుడులో నాలుగున్నర కూడా ఇవ్వదు. రీడింగు మైళ్లల్లో ఉంటే 1.6తో గుణించడం మరవొద్దు.

ఎవరింట్లోనైనా ఫోర్డ్ మోడల్ టీ ఉంటే వాళ్లకి పుల్ల కొత్తేం కాదు, దానికి గేజే లేదు, ముందు సీటు కింద ట్యాంకు, పుల్లతోనే చూసేవారు. దానికి పంపు కూడా లేదు, పెట్రోల్ తనంతట తనే దిగాలి, అందుకే తక్కువున్నప్పుడు నిటారు కొండ ఎక్కాలంటే బండి తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లు.

మా పుల్ల ఇప్పుడు సీటు వెనక రెండు కొక్కేల మీద ఉంటుంది. పది లీటర్ల దగ్గర జంట గాట్లు పెట్టాను, చీకట్లో కూడా వేలికి తగులుతాయి. తడి అక్కడి దాకా రాకపోతే ఉదయగిరి వైపు బండి తిప్పం, ముందు బంకుకే.