శరదృతువులో జట్టుతో గోల్ఫ్: ముందే చూసుకోవాల్సినవి

న్యూజెర్సీ వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో ఆఫీసు జట్టుతో ఆడబోయేవాళ్ల కోసం.

- మరీ పొద్దున్నే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) వద్దు. గడ్డి మీద పేరుకున్న మంచు కరిగేదాకా కోర్సు తెరవరు. గడ్డకట్టిన గడ్డిని తొక్కితే దెబ్బతింటుంది. మధ్యాహ్నం మొదలుపెట్టినా ఇబ్బందే. నలుగురు 18 హోల్స్ (పూర్తి ఆట) ఆడడానికి 4 గంటలు దాటుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరిగాక అయిదింటికల్లా చీకటి పడుతుంది.

- రాలిన ఆకులే అసలు తలనొప్పి. పసుపు, నారింజ బంతులు వాటిలో కలిసిపోతాయి, ముదురు గులాబీవి తెచ్చుకోండి. కనిపించని బంతిని వెతకడానికి 3 నిమిషాలే సమయం. దొరకదని అనుమానం రాగానే 'ప్రొవిజనల్' (మొదటిది దొరక్కపోతే లెక్కలోకి వచ్చే బంతి) అని పైకి చెప్పి రెండో బంతి కొట్టి బయల్దేరండి, మళ్లీ వెనక్కి నడిచే పని తప్పుతుంది. ఆకులు తీసేయొచ్చు. కానీ ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కత్తిరించిన ఆట దారి) అలా తీస్తుంటే బంతి కదిలితే 1 స్ట్రోకు (స్కోరులో ఒక దెబ్బ) పెనాల్టీ, బంతిని తిరిగి అక్కడే పెట్టాలి.

- చలికి బంతి దూరం తగ్గుతుంది. 7 ఐరన్ (ఒక రకం క్లబ్బు, అంటే బంతి కొట్టే కర్ర) దూరానికి 6 తీయండి, అంకె తగ్గితే బంతి ఎక్కువ దూరం పోతుంది. బంతిని కావాలని వేడిచేసి ఆడటం నిబంధనలకు విరుద్ధం.

- బ్యాగులో 14 క్లబ్బులు మించకూడదు. పొడి తువ్వాలు, అదనపు గ్లవ్ ఉంచుకోండి.

- కొత్తవాళ్లుంటే స్క్రాంబుల్ అనే పద్ధతిలో ఆడండి. అందరూ కొట్టాక మంచి బంతి దగ్గరనుంచే మళ్లీ అందరూ కొడతారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు.