వసంతంలో గుర్రాన్ని పచ్చికలోకి వదిలే ముందు

లేత గడ్డి మొలిచింది కదా అని గుర్రాన్ని రోజంతా మేతకు వదిలేయకండి. రాత్రి చలి 5 డిగ్రీల లోపుకి దిగి, పగలు ఎండ బాగా కాసిందంటే గడ్డి ఎదగదు గానీ దానిలో చక్కెరలు పేరుకుపోతాయి. అది ఎక్కువగా మేస్తే గిట్టల లోపల వాపు, అంటే ల్యామినైటిస్, రావచ్చు. పాపం, నిలబడలేనంత నొప్పి! మామూలు రోజుల్లో తెల్లవారుజామున మేపడం మేలు; మంచు పేరుకున్న ఉదయం మాత్రం అస్సలు వద్దు. ముందు కాస్త ఎండుగడ్డి పెట్టి, పావుగంటతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. నేల బురదగా ఉంటే ఆగండి, తొక్కుడుకి గడ్డి వేళ్లు నలిగిన చోట కలుపు లేస్తుంది. రోజూ గిట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలినా, అడుగు వెయ్యడానికి వెనకాడినా మేత ఆపి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.