నీతి అడగకండి, ఆ రోజు ఏం జరిగిందో అడగండి

"జీవితంలో మీరు నేర్చుకున్న పెద్ద పాఠం ఏమిటి?" అని అడిగితే ఎంతటి అనుభవజ్ఞులైనా మూడు ముక్కల్లో తేల్చేస్తారు. కష్టపడాలి, ఓపిక పట్టాలి, పెద్దల మాట వినాలి. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాటలు వినడానికి ఆ మనిషి దాకా వెళ్ళనక్కర్లేదు. అదే మనిషిని "ఎవరి సాయం లేకుండా మొదటిసారి పని చేసిన రోజు ఏం తప్పు జరిగింది? ఎవరు చూశారు? ఏమన్నారు?" అని అడిగి చూడండి. కాసేపు మాట రాదు. తర్వాత వచ్చే మాటల్లో పనీ, ఇల్లూ, భయమూ, ఆ కాలమూ అన్నీ కలిసే వస్తాయి.

స్ఫూర్తినిచ్చే మనుషులతో కూర్చుని వాళ్ళ జీవితాన్నీ, వాళ్ళు పెరిగిన లోకాన్నీ తెలుసుకోవాలంటే ముందు అలవడాల్సిన నేర్పు ఇదే. అభిప్రాయం చెప్పబోయే మనిషిని ఒక రోజులోకి, ఒక గదిలోకి, ఒక వస్తువు దగ్గరికి మెల్లగా నడిపించాలి.

ఎవరి దగ్గరికి, ఎలా వెళ్ళాలి

పేరున్నవాళ్ళనే వెతకనక్కర్లేదు. ఒకే పని 20, 30 ఏళ్ళు చేసినవాళ్ళు, పుట్టిన చోటు వదిలి వేరే చోట స్థిరపడ్డవాళ్ళు, తమ కుటుంబంలో ఎవరూ చేయని పనిలోకి మొదట అడుగుపెట్టినవాళ్ళు చాలా చెప్పగలరు. వీళ్ళు మార్పుకు అటూ ఇటూ ఉన్న రెండు లోకాలనూ చూసినవాళ్ళు.

పేరున్నవారి దగ్గరికే వెళ్తుంటే అదివరకు వాళ్ళిచ్చిన ఇంటర్వ్యూలు దొరికినన్ని చదవండి, వినండి. ఒకే కథను అవే మాటలతో రెండు మూడు చోట్ల చెప్పి ఉంటారు. అది చెప్పి చెప్పి నున్నగా అరిగిన కథ. దాన్ని మళ్ళీ చెప్పించవద్దు, దాని పక్కనున్నది అడగండి. "బహుమతి వచ్చిన రాత్రి గురించి చాలా చోట్ల చెప్పారు. మర్నాడు పొద్దున ఏం చేశారు?" ఈ ప్రశ్నకు తయారుగా ఉన్న జవాబు ఉండదు.

కలవడానికి సమయం అడిగేటప్పుడు నాలుగైదు వాక్యాలు చాలు. మీరెవరు, ఆయన దగ్గరికే ఎందుకు వస్తున్నారు, ఏ విషయం గురించి, ఎంతసేపు, రికార్డు చేస్తారా లేదా, చేస్తే అది ఎక్కడికి పోతుంది. "మీ అనుభవాలు పంచుకోండి" అని అడిగితే ఏం చెప్పాలో వాళ్ళకు తోచదు. "మీరు పనిలో చేరిన మొదటి రెండేళ్ళ గురించి గంటసేపు మాట్లాడదామండీ" అంటే ఆ రోజు నుంచే గుర్తుచేసుకోవడం మొదలుపెడతారు. వీలైతే ముందొకసారి రికార్డర్ లేకుండా వెళ్ళి అరగంట కూర్చోండి. ఆ రోజు ముఖ్యమైన కథేదైనా మొదలైతే "ఇది వచ్చేసారి తీరిగ్గా వింటాను" అని ఆపండి. రెండోసారి చెప్పేటప్పుడు "మొన్న చెప్పాగా" అని సగం వదిలేస్తారు కాబట్టి ఈ జాగ్రత్త.

ఒక పేజీ మీద కాలపట్టిక గీసుకోండి. పుట్టిన ఏడు, చదువు, పని, ఇల్లు మారడాలు, వాటి పక్కన ఆ కాలంలో లోకంలో జరిగిన పెద్ద సంగతులు. తెలియనివి ఖాళీగా ఉంచండి. నలభై దాటినవాళ్ళకు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా వయసులకంటే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు పదే పదే తేల్చాయి. అందుకే మీ గంటలో సగానికి పైగా ఆ ఇరవై ఏళ్ళకే కేటాయించండి. ప్రశ్నలు పది, పన్నెండుకు మించొద్దు. వాటినీ పూర్తి వాక్యాలుగా రాసుకోకండి, "మొదటి జీతం", "తిట్లు", "పనిముట్లు" అని ఒక్కో మాట చాలు. వాక్యం రాసుకుంటే చదివేస్తారు, చదివితే ఎదుటివారికి పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది.

అడగడం

మొదటి ప్రశ్నగా పనికొచ్చేది "తిప్పి చూపించండి" అనే ప్రశ్న. "మీరు పని చేసే చోటికి నన్ను తీసుకెళ్ళారనుకోండి. గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి ఏమేం కనిపిస్తాయో చెప్పండి." మానవశాస్త్రవేత్త జేమ్స్ స్ప్రాడ్లీ ఇలాంటి ప్రశ్నను ఊరంతా తిప్పి చూపించే యాత్రతో పోల్చాడు. యాత్రలో ఎక్కడ ఆగాలో మీరు ఎంచుకుంటారు.

ఒక నేతకారు పెద్దావిడతో మాట్లాడుతున్నారనుకుందాం. (పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, నాడె అంటే వాటి మధ్య అడ్డపోగును నడిపేది.)

"మా పని ఓపికతో కూడుకున్నది బాబూ."

ఇక్కడ "అవునమ్మా, ఓపిక చాలా ముఖ్యం" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇలా సాగనివ్వండి:

"నేస్తుండగా పడుగులో ఒక పోగు తెగిందనుకోండమ్మా. మీకెలా తెలుస్తుంది?"

"చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది."

"తెలిశాక ముందు ఏం చేస్తారు?"

"నాడె ఆపేస్తాను. తెగిన రెండు కొసలూ వెతికి అతకాలి. చూసుకోకుండా నేసేస్తే ఆ గీత బట్ట పొడుగునా కనిపిస్తుంది."

"అలా చూసుకోకుండా నేసేసిన రోజు ఉందా?"

ఈ చివరి ప్రశ్న దాకా రావాలనే ముందు రెండూ అడిగాం. ఇప్పుడావిడ ఓపిక గురించే చెబుతారు. ఈసారి అందులో ఒక బట్ట ఉంటుంది, దాన్ని చూసిన అత్తగారో యజమానో ఉంటారు, ఆ రోజు పడ్డ మాట ఉంటుంది.

తప్పుల గురించి అడగమనడానికి ఇంకో కారణం ఉంది. ఏ సమాజంలోనైనా నియమాలు సవ్యంగా సాగినంతకాలం ఎవరికీ కనిపించవు, ఎవరైనా మీరినప్పుడే బయటపడతాయి. "మీ సంస్కృతి గురించి చెప్పండి" అంటే పుస్తకంలోని వర్ణన వస్తుంది. "చిన్నప్పుడు దేనికి ఎక్కువ తిట్లు పడ్డాయి? అదే పని అన్నయ్య చేస్తే తిట్టేవాళ్ళా?" అంటే ఆ ఇంట్లో ఎవరికెంత స్వేచ్ఛ ఉండేదో తెలిసిపోతుంది.

"ఎందుకు" అనే మాట తగ్గించండి. "ఆ ఉద్యోగం ఎందుకు మానేశారు?" అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. "మానేయాలని మొదట అనిపించిన రోజు ఏం జరిగింది?" అంటే అసలు కారణం దానంతటదే వస్తుంది. రెండు ప్రశ్నలు కలిపి అడిగితే సులువైనదానికే జవాబొస్తుంది. జవాబును ప్రశ్నలోనే పెట్టకూడదు. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో కార్లు బలంగా గుద్దుకున్నాయని అర్థమొచ్చే క్రియ వాడితే సగటు జవాబు గంటకు 40.8 మైళ్ళు, ఊరికే తగిలాయని అర్థమొచ్చేది వాడితే 31.8. మారింది ఒక్క క్రియ. "అప్పుడు చాలా బాధపడి ఉంటారు కదా?" అని మీరంటే, మర్యాద కోసమైనా అవుననేస్తారు. "అప్పుడెలా ఉండింది?" చాలు.

ఇక మౌనం. జవాబు అయిపోయిందనిపించాక లోపల మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు నోరు తెరవండి. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో అమెరికా తరగతి గదుల్ని పరిశీలించినప్పుడు, ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక సెకను దాకానే ఆగుతున్నారని తేలింది. 3 సెకన్లు ఆగడం అలవాటయ్యాక పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగనివీ చెప్పసాగారు. పెద్దవాళ్ళతోనూ ఇది పనిచేస్తుంది. మధ్యలో "ఆహా, అలాగా" అనడం కంటే తల ఊపడం మేలు. రికార్డులో మీ గొంతు వాళ్ళ మాట మీద పడదు.

తెలుగులో మాట్లాడేటప్పుడు చెవి పెట్టాల్సినవి

ప్రశ్నల పుస్తకాల్లో ఇది దొరకదు, కానీ మన భాష ఇక్కడ గొప్ప సాయం చేస్తుంది.

మొదటిది క్రియ. "పొద్దున్నే లేచేవాళ్ళం, నడిచి పోయేవాళ్ళం, రాత్రికి వచ్చేవాళ్ళం" అంటున్నంతసేపూ మీరు వింటున్నది అలవాటు. వందల రోజుల్ని కలిపి చెబుతున్నారు, అందులో చేదు రోజులూ తీపి రోజులూ ఒకే రంగులో కలిసిపోతాయి. "అలా పోలేకపోయిన రోజు ఏదైనా గుర్తుందా?" అని అడిగితే క్రియ మారుతుంది: "ఒకసారి వాన పట్టుకుంది. సగం దారిలో ఆగిపోయాను." ఈ "ఆగిపోయాను" వినబడగానే కాగితం మీద టిక్కు పెట్టుకోండి. సంఘటన మొదలైంది. ఇక అది ముగిసేదాకా ప్రశ్న వేయకండి.

రెండోది "మేము", "మనం". మీతో మాట్లాడుతూ "మేము అలా చేయం" అన్నవారు కాసేపటికి "మనవాళ్ళు అంతేగా" అంటే మిమ్మల్ని లోపలికి రానిచ్చారన్నమాట. తిరిగి "మేము"లోకి వెళ్ళిపోతే మీరేదో ముట్టకూడనిది ముట్టారు. ఆ "మేము"లో ఎవరెవరున్నారో వీలు చూసి అడగండి. ఇంటివాళ్ళా, తోటి పనివాళ్ళా, వీధి మొత్తమా? అది తెలిస్తే ఆ మనిషి లోకం ఎంత విశాలమో తెలుస్తుంది.

మూడోది "అట". "తాతగారు నడిచే వచ్చారట" అంటే విన్నమాట, "వచ్చారు" అంటే చూసినదో, చూసినంతగా నమ్మినదో. రాసుకునేటప్పుడు ఈ "ట"ను ఎప్పుడూ కొట్టేయకండి. ఎవరి నోట విన్నారో అడిగితే ఇంకో తరం తలుపు తెరుచుకుంటుంది.

గదిలో ఎవరున్నారు

ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి చెప్పేది మారుతుంది. 1936–38 మధ్య అమెరికా ప్రభుత్వ రచయితల పథకం కింద ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా మనుషుల మాటల్ని సేకరించారు. అమెరికా దక్షిణాది నగరం చార్లెస్టన్‌లో సూసన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని ఇద్దరు వేర్వేరుగా కలిశారు. తెల్లజాతి మహిళ అడిగితే యజమాని మంచివాడన్నట్టు చెప్పింది. నల్లజాతి వ్యక్తి అడిగినప్పుడు కొరడా దెబ్బలూ, విడదీసి అమ్మేసిన కుటుంబాలూ బయటికొచ్చాయి. అడిగేవాళ్ళు ఎవరో, వాళ్ళ చేతిలో ఏ అధికారం ఉందో చెప్పేవాళ్ళు కొలిచి చూస్తారు. మీరు పై అధికారి బంధువైతే, ఇంటి యజమాని కొడుకైతే కొన్ని సంగతులు మీదాకా రావు. అవి ఇంకొకరు అడగాలి.

పక్కన కూర్చునే ఇంటివాళ్ళు తేదీలు సరిదిద్దుతుంటారు. "అది 82 కాదు, 84" అన్న మరుక్షణం కథ తెగిపోతుంది. వాళ్ళతో వేరే రోజు మాట్లాడతామని చెప్పి ఈ గంట ఒక్కరినే అడగండి. మీరూ తేదీ సరిదిద్దకండి. ఇటలీలోని తెర్ని ఊళ్ళో లుయిజి త్రాస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న నాటో సైనిక కూటమికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి అక్కడివాళ్ళతో మాట్లాడితే ఎందరో అది 1953లో ఉద్యోగాల తొలగింపు గొడవల్లో జరిగిందన్నారు. తేదీ తప్పే. కానీ ఆ కార్మికులకు గుండెల్లో దిగిన దెబ్బ ఏదో ఆ తప్పే చూపించింది. తేదీని కాగితాలతో తర్వాత సరిచూసుకుని పక్కన రాసుకోండి, చెప్పిన మాటను మాత్రం అలాగే ఉంచండి.

రికార్డింగు

ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోవచ్చు. మూరెడు దూరంలోపు, మడత పెట్టిన గుడ్డ మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు కూడా ఉరిమినట్టు వస్తుంది. కాలర్ మైకైతే గడ్డానికి జానెడు కింద, గొలుసులూ కండువాలూ తగలకుండా పెట్టాలి. ఫ్యాన్ గాలి మైకు మీద పడకూడదు. రికార్డింగు లెవెల్ మార్చుకోగలిగితే గట్టిగా నవ్వినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో విన్నాకే మొదలుపెట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV, కుదించని ధ్వని) ఫైలు ఒక్క ఛానెల్‌కు గంటకు దాదాపు 520 ఎంబీ తీసుకుంటుంది, ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటికి రాగానే మూడు కాపీలు చేసి, ఒకటి వేరే చోట ఉంచండి.

రికార్డు మొదట్లోనే తేదీ, చోటు, ఇద్దరి పేర్లు చెప్పి, "రికార్డు చేయడం మీకు సమ్మతమేనా?" అని అడిగి జవాబు కూడా అందులోనే ఉండనివ్వండి. గంట, గంటన్నర దాటాక అలసట జవాబుల్లో తెలుస్తుంది. అక్కడ ఆపండి.

తర్వాతి పని

ఆ రోజే పడుకునేలోపు పావుగంట కూర్చుని రికార్డులో లేనివి రాయండి. ఏ మాట దగ్గర గొంతు తగ్గింది, ఏ వస్తువు తెచ్చి చూపించారు, ఎక్కడ నవ్వారు. మర్నాటికి సగం పోతాయి.

గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. యాసను పుస్తక భాషలోకి మార్చకండి. "వచ్చిండు" అన్నది "వచ్చాడు" అయితే ఆ మనిషి పెరిగిన నేల చెరిగిపోతుంది. తెలియని పనిమాటలు, పనిముట్ల పేర్లు విడిగా రాసి, అర్థం ఊహించకుండా వాళ్ళనే అడగండి. చాలాసార్లు రెండో ముచ్చటకు ఆ జాబితాయే దారి చూపిస్తుంది.

రాతప్రతిని తీసుకెళ్ళి చదివి వినిపించండి. తీసేయమన్నది తీసేయండి, బతిమాలకండి. విన్నాక "అది కాదు, అసలు జరిగింది..." అని మొదలుపెడతారు. మొదటిరోజు చెప్పనివి ఇప్పుడు వస్తాయి కాబట్టి రికార్డర్ వెంట ఉండాలి. చివర్లో "నేను అడగాల్సి ఉండి అడగనిది ఏదైనా ఉందా?" అని అడిగి, మూడు కాదు, పది దాకా లెక్కపెట్టండి. రికార్డర్ ఆపి గుమ్మం దాకా వచ్చాక కూడా మాట మొదలవుతుంది, అలా తరచూ జరుగుతుంది. చెప్పులు వేసుకోవడం ఆపి వినండి. మాట ముగిశాక, "ఇది కూడా రాసుకోవచ్చా అండీ?" అని అడగండి. వద్దంటే ఆ మాటను అక్కడే వదిలేసి రావాలి.