మూలనపడ్డ యెజ్డీని లేపే ముందు జాగ్రత్తలు

ఈ పాత టూ-స్ట్రోక్ యెజ్డీ బైకులు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. కాబట్టి తొందరపడి పార్టులు విరగ్గొట్టుకోవద్దు.

- ముందే కిక్ కొట్టకండి. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున టాప్ గేర్‌లో వెనక చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా కదపండి. కదలకపోతే బలప్రయోగం వద్దు, మళ్లీ ఆయిలే.
- పాత పెట్రోల్ ఆరుబయట, మంటకు దూరంగా తీసేయండి. కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) విప్పి కడగాల్సిందే.
- సైలెన్సర్లలోకి తొంగి చూడండి, ఎలుకలు కాపురం పెట్టి ఉంటాయి!
- గేర్‌బాక్స్ ఆయిల్ మార్చండి.
- కొత్త పెట్రోల్‌లో లీటరుకు సుమారు 40 మి.లీ. 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపండి.
- క్రాంక్ సీళ్లు (ఇంజన్ లోపలి క్రాంక్ షాఫ్ట్ చివర్ల నుంచి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) ఎండిపోతే గాలి లాగి ఇంజన్ దానంతటదే రేజ్ అవుతుంది. అప్పుడు కార్బ్యురేటర్ మూతి మూయడానికి మందపాటి గుడ్డ దగ్గరుంచుకోండి.