ఎం-బ్యాండ్ లేదన్న రిపోర్టు వచ్చాక ఏం చూడాలి

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ల్యాబులో ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను కరెంటుతో విడదీసి గ్రాఫుగా చూపే పరీక్ష) రిపోర్టులు చదివి సంతకం చేయడం నా పని. మైలోమా (యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల క్యాన్సర్) గానీ, దానికి ముందుమెట్టు లాంటి మరో ప్లాస్మా కణాల వ్యాధి గానీ ఉందేమోనన్న అనుమానంతో వచ్చే శాంపిళ్ల తరువాత నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు రెండు మూడు పొరపాట్ల చుట్టూనే తిరుగుతుంటాయి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ అంటే ఏమిటో తెలిసిన జూనియర్ డాక్టర్లను, టెక్నీషియన్లను ఉద్దేశించి ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవారి ఫైలు పట్టుకుని తిరుగుతున్న వారికి కూడా ఇది ఉపయోగపడవచ్చు, కానీ రోగం ఫలానా అని తేల్చవలసింది రక్తవ్యాధుల నిపుణుడైన హిమటాలజిస్టే.

అన్నిటికన్నా ముందు చేయవలసిన లెక్క ఒకటి ఉంది, దానికి కొత్త పరీక్ష అక్కరలేదు. లివర్ ఫంక్షన్ టెస్టు కాగితంలో టోటల్ ప్రోటీన్, అల్బుమిన్ అని రెండు వరుసలుంటాయి. అందరూ బిలిరుబిన్, ఎస్‌జీపీటీ చూసి కాగితం మడిచేస్తారు. టోటల్ ప్రోటీన్‌లోంచి అల్బుమిన్ తీసివేస్తే మిగిలేది గ్లోబ్యులిన్. అది డెసిలీటరుకు సుమారు 2 నుంచి 3.5 గ్రాముల మధ్య ఉండాలి. 4 దాటితే ఎందుకు దాటిందో కనుక్కోవాలి. అనుమానం ఉన్న రోగిలో అది 2 దగ్గరకో, అంతకంటే కిందకో జారినా కనుక్కోవాలి, ఈ రెండో మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు. టోటల్ ప్రోటీన్ 9.8 అని మూడు రిపోర్టుల్లో వరుసగా అచ్చయి ఉన్నా, నీరసానికి ఐరన్ టానిక్కులు తాగుతూ గడిపిన వారి ఫైళ్లు నేను ఒకటి కాదు, చాలా చూశాను.

సమస్య: గ్లోబ్యులిన్ ఎక్కువగా ఉంది, ఈఎస్ఆర్ వంద దాటింది

గ్లోబ్యులిన్ పెరిగిందంటే మైలోమాయేనని భయపడనక్కరలేదు. క్షయ, హెచ్ఐవీ, దీర్ఘకాలపు కాలేయ వ్యాధి, కీళ్లవాతం వంటి వాటిలో అనేక రకాల ప్లాస్మా కణాలు కలిసి పనిచేయడం వల్ల గ్రాఫులో యాంటీబాడీలు చేరే గామా భాగమంతా ఇంద్రకీలాద్రిలా వెడల్పుగా ఉబుకుతుంది. ఒకే కణం సంతతి పెరిగి, ఒకే రకం ప్రోటీన్‌ను తయారుచేస్తున్నప్పుడు మాత్రం అదే గ్రాఫులో మంగళగిరి గాలిగోపురంలా సన్నగా, నిటారుగా ఒక శిఖరం లేస్తుంది. ఈ శిఖరాన్నే ఎం-స్పైక్ అని, జెల్ మీద అది గీతగా కనిపించినప్పుడు ఎం-బ్యాండ్ అని అంటారు.

అందువల్ల ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి, గీత కనిపిస్తే అది ఏ రకం ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ), అంటే ఐజీజీనా, ఐజీఏనా, అందులోని లైట్ చైన్ అనే చిన్న ముక్క కప్పానా, లాంబ్డానా అన్నది ఇమ్యునోఫిక్సేషన్ అనే పరీక్షతో తేల్చాలి. ఐజీఏ రకం గీతలు తరచుగా గామా పక్కనుండే బీటా భాగంలోకి వెళ్లి, అక్కడ మామూలుగా ఉండే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పక్కన నక్కి ఉంటాయి. కనుక బీటా కొంచెం లావుగా కనిపించినా ఫిక్సేషన్ అడగడం మంచిది.

సమస్య: గీత ఉంది, కానీ ఫిక్సేషన్‌లో ఏమీ తేలలేదు

ముందు ట్యూబు మూత రంగు అడగండి. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తం గడ్డకట్టదు కాబట్టి అందులో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ మిగిలిపోతుంది. అది బీటాకూ గామాకూ మధ్య ఒక చిన్న గీతగా నిలబడి అచ్చం ఎం-బ్యాండ్‌లా కనిపిస్తుంది. డయాలసిస్ చేయించుకున్న వెంటనే తీసిన రక్తంలో హెపారిన్ ఉండడం వల్ల, ఎర్ర మూత ట్యూబులో తీసినా సరిగా గడ్డకట్టక ఇదే జరగవచ్చు. ఎర్ర మూత ట్యూబులో మళ్లీ తీసి, పూర్తిగా గడ్డకట్టేదాకా, అంటే కనీసం అరగంట, ఆగి సీరం వేరుచేయండి. దీనికోసం రోగిని హైదరాబాదు పంపనక్కరలేదు.

సమస్య: ఎం-బ్యాండ్ లేదు, గ్లోబ్యులిన్ మామూలుగానే ఉంది, అయినా క్రియాటినిన్ పెరుగుతోంది, నడుము నొప్పి తగ్గడం లేదు

నన్ను దెబ్బతీసింది ఇదే, కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

కొన్నేళ్ల క్రితం గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ఒక హమాలీ, యాభై ఎనిమిదేళ్ల మనిషి, నడుము నొప్పితో తిరిగి తిరిగి చివరికి ఒక డాక్టరు చీటీతో మా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆరు నెలలుగా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాడు. హిమోగ్లోబిన్ 8.9, క్రియాటినిన్ 2.6. టోటల్ ప్రోటీన్ 6.3, అల్బుమిన్ 4.2. మూత్ర పరీక్షలో "అల్బుమిన్: నిల్" అని ఉంది. ఎలక్ట్రోఫోరెసిస్ నేనే చదివాను. "ఎం-బ్యాండ్ కనిపించలేదు" అని ఒక్క వాక్యం రాసి సంతకం చేశాను. ఆ కాగితం చూసి డాక్టరు మైలోమా ఆలోచన పక్కనపెట్టి, నొప్పి మాత్రల వల్లే కిడ్నీలు పాడయ్యాయని అనుకున్నాడు. ఆయనను తప్పు పట్టను, ఆయన నా వాక్యాన్ని నమ్మాడు.

రెండు నెలల తరువాత మరో చోట ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి చూస్తే అందులో 4.1 గ్రాముల ప్రోటీన్ ఉంది. మూత్రంలో ముంచి చూసే డిప్‌స్టిక్ పట్టీ నిల్ అంటుంటే నాలుగు గ్రాములు ఎక్కడివి? నా పాత గ్రాఫు బయటికి తీసి చూసుకున్నాను. శిఖరం నిజంగానే లేదు. కానీ గామా భాగం ఎండిన చెరువులా చదునుగా ఉంది. మామూలుగా 0.7 నుంచి 1.6 గ్రాముల దాకా ఉండవలసింది 0.38 మాత్రమే ఉంది. ఆ అంకె నా రిపోర్టులోనే అచ్చయి ఉంది, దాని మీద నేను ఒక్క మాట కూడా రాయలేదు. రక్తంలో విడిగా తిరిగే లైట్ చైన్లను కొలిచే ఫ్రీ లైట్ చైన్స్ పరీక్ష చేయిస్తే కప్పా లీటరుకు 2,835 మిల్లీగ్రాములు, లాంబ్డా 8.1, నిష్పత్తి 350. ఆ మనిషికి చికిత్స మొదలైంది గానీ, డయాలసిస్ తప్పలేదు.

మైలోమా రోగుల్లో సుమారు ఆరుగురిలో ఒకరికి కణాలు పూర్తి ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను తయారుచేయవు, దానిలోని చిన్న ముక్క అయిన లైట్ చైన్‌ను మాత్రమే విడుదల చేస్తాయి. పూర్తి ఐజీజీ అణువు పెద్దది, రక్తంలో మూడు వారాల దాకా నిలుస్తుంది కాబట్టి జెల్ మీద పేరుకుని కనిపిస్తుంది. లైట్ చైన్ దానిలో ఆరో వంతు బరువుంటుంది, గంటల వ్యవధిలో కిడ్నీ జల్లెడ దాటి మూత్రంలోకి పోతుంది. రక్తంలో గీతగా కనిపించేంత మిగలదు. ఇటు మూత్రంలో చూద్దామంటే, డిప్‌స్టిక్ పట్టీ మీది రంగు ప్రధానంగా అల్బుమిన్‌కే మారుతుంది, లైట్ చైన్ ఎంత ఉన్నా పెద్దగా పట్టించుకోదు. ఆ మధ్యలో మంచి కణాలు అణగిపోయి మామూలు ఇమ్యునోగ్లోబ్యులిన్లు తగ్గుతాయి కనుక గామా చదునవుతుంది. అంటే మనం ధైర్యంగా "నార్మల్" అని చదివే మూడు రిపోర్టులూ ఈ రోగిలో కలిసికట్టుగా మోసం చేస్తాయి.

విచిత్రమేమిటంటే, ఈ రోగంలో అన్నిటికన్నా ముందు కనిపెట్టిన గుర్తు మూత్రంలోని ఈ ప్రోటీనే. 1840ల్లో లండన్‌లో హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యుడు దానిని వర్ణించాడు. మూత్రాన్ని వేడిచేస్తే 50, 60 డిగ్రీల మధ్య తెల్లగా విరిగి, మరిగేటప్పుడు మళ్లీ కరిగిపోవడం దాని లక్షణం. ఇప్పుడు ఆ పద్ధతి మీద ఆధారపడవద్దు, చాలాసార్లు తప్పిపోతుంది. కానీ పాత టెక్నీషియన్ల దగ్గర ఇంకా ఉండే సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ సీసా అక్కరకొస్తుంది. పట్టీ నిల్ చూపిన మూత్రంలో నాలుగు చుక్కలు వేయగానే మజ్జిగలా తెల్లబడితే, అల్బుమిన్ కాని ప్రోటీన్ ఏదో అందులో ఉందని అర్థం. మూత్రంలో ప్రోటీన్–క్రియాటినిన్ నిష్పత్తి ఎక్కువగా ఉండి, అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి తక్కువగా ఉన్నా ఇదే అర్థం.

కాబట్టి అనుమానం ఉన్న ప్రతి రోగికీ ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, సీరం ఫ్రీ లైట్ చైన్స్ ఒకే చీటీ మీద రాయండి. ఖర్చు గురించి రోగి బంధువులు అడుగుతారు, అడగడం న్యాయమే. ఒక్కొక్కటిగా చేయిస్తూ రెండు నెలలు పోగొట్టుకుంటే అయ్యే ఖర్చేమిటో వారికి చెప్పండి. లైట్ చైన్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటి క్రియాటినిన్ కూడా పెరుగుతుంటే, కిడ్నీ గొట్టాలలో అది గట్టిపడి మూసుకుపోతోందేమోనని చూడాలి. అప్పుడు వారాలు కాదు, రోజుల లెక్కన హిమటాలజిస్టు దగ్గరికి పంపాలి. ఆ లోపు నొప్పి ఇంజెక్షన్లు ఆపించాలి. డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించాలి. మన మే నెల ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే ఈ కిడ్నీలు చాలా తొందరగా దెబ్బతింటాయి.

2014 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతానికి తగ్గకుండా ఉండి, ఎక్కువగా ఉన్న లైట్ చైన్‌కూ రెండోదానికీ నిష్పత్తి 100 గానీ అంతకు మించి గానీ ఉంటే, ఎముకలు విరిగేదాకా ఆగకుండానే దానిని మైలోమాగా పరిగణిస్తారు. అయితే ఎక్కువగా ఉన్న చైన్ కూడా లీటరుకు కనీసం 100 మిల్లీగ్రాములు ఉండాలి.

సమస్య: కప్పా, లాంబ్డా రెండూ పెరిగాయి, నిష్పత్తి కొంచెం ఎక్కువ

కప్పాను లాంబ్డాతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మామూలుగా 0.26 నుంచి 1.65 దాకా ఉంటుంది. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు రెండు చైన్లూ బయటికి పోక పెరుగుతాయి, నిష్పత్తి 3.1 దాకా వెళ్లినా అది ఒక్కటే అనుమానానికి ఆధారం కాదు. క్రియాటినిన్ చూడకుండా 2.1 అన్న అంకె చూసి ఏడుస్తూ ఫోన్ చేసేవారు చాలామంది. రెండు ల్యాబుల రిపోర్టులు పోల్చేటప్పుడు ఒకటి లీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉందేమో చూడండి. అలా ఉంటే రోగం పదింతలు తగ్గినట్టో పెరిగినట్టో కనిపిస్తుంది. వేర్వేరు కంపెనీల రసాయనాలతో చేసినవి అసలు పోల్చవద్దు, ఒకే ల్యాబులో కొనసాగించండి.

సమస్య: కాల్షియం నార్మల్ అని ఉంది, రోగి మాత్రం మత్తుగా, మలబద్ధకంతో ఉన్నాడు

మైలోమాలో కాల్షియం పెరిగితే ఇలా ఉండవచ్చు, కానీ అల్బుమిన్ తక్కువైతే కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. 4లోంచి అల్బుమిన్ తీసివేసి, 0.8తో గుణించి, వచ్చినది కాల్షియానికి కలపండి. కాల్షియం 10.2, అల్బుమిన్ 2.5 అయితే అసలు అంకె 11.4, అంటే ప్రమాద రేఖ అయిన 11ను దాటినట్టే.

సమస్య: చిన్న గీత ఉంది, మిగతావన్నీ బాగున్నాయి

గీత డెసిలీటరుకు 3 గ్రాముల లోపు, మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు, రక్తహీనత గానీ, ఎముక, కిడ్నీ, కాల్షియం ఇబ్బందులు గానీ లేకపోతే దానిని ఎంజీయూఎస్ అంటారు. అది క్యాన్సర్ కాదు. యాభై దాటినవారిలో నూటికి ముగ్గురిలో ఉంటుంది, ఏడాదికి సుమారు ఒక శాతం మందిలోనే ముదురుతుంది. ఆరు నెలలకు ఒకసారి మళ్లీ చేయించి, నిలకడగా ఉంటే ఆ తరువాత వ్యవధి పెంచుతారు. అయితే ఇదే చిన్న గీతతోపాటు కాళ్ల వాపు, మూత్రంలో అల్బుమిన్ ధారాళంగా పోవడం, ఆయాసం ఉంటే అమైలాయిడోసిస్ (లైట్ చైన్లు అవయవాల్లో పేరుకునే వ్యాధి) గుర్తుకు రావాలి. అప్పుడు ఆరు నెలలు ఆగకూడదు.

ఇక ఐజీడీ రకం, హెవీ చైన్ వ్యాధి, ఏ ప్రోటీనూ విడుదల చేయని మైలోమా, చలికి గడ్డకట్టే క్రయోగ్లోబ్యులిన్ వంటివి ఉన్నాయి. అవి హిమటాలజిస్టుకు వదిలేయండి. చికిత్సలో ఉన్న రోగి డారాటుముమాబ్ అనే మైలోమా మందు తీసుకుంటుంటే ఆ మందు కూడా ఐజీజీ కప్పా గీతగా కనిపించవచ్చు. శాంపిల్ పంపేటప్పుడు చీటీ మీద మందు పేరు రాస్తే చాలు, ఇటువైపు మేము చూసుకుంటాము.